మూడో ప్రకటన – పద్నాలుగో భాగం: పేరు లేని దాది

పోయిన వారం మనం మెఫీబోషెతు మాస్టారిని గుడి మెట్ల మీద ఎండలో నిలబెట్టి వచ్చేశాం. చంకలో కర్ర, చేతిలో ఫోను, ఫోనులో ఓ పాత రిజిస్టరు పేజీ ఫొటో. పెళ్లికింక పన్నెండు రోజులే ఉన్నాయి. పెళ్లికూతురు షారోన్ పరాయిదేం కాదు, మేనత్త కూతురే. తల్లీతండ్రీ లేని మెఫీని పెంచింది ఆ మేనత్త అంకమ్మే కాబట్టి ఇద్దరూ ఒక ఇంట్లోనే పెరిగారు. గుడిలో రెండు ఆదివారాలు ప్రకటన అయిపోయింది. "వీరి వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి" అని ఎలీషా అయ్యగారు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ వెనక బెంచీలో ఎవరో దగ్గారే తప్ప నోరెత్తినవాళ్లు లేరు. మూడోదీ, ఆఖరుదీ ఈ ఆదివారమే.

షారోన్‌కి ఆ సరదా పుట్టకపోతే అంతా సాఫీగా జరిగిపోయేది. ఒంగోలులో నర్సు ఉద్యోగం చేస్తున్న పిల్ల, స్నేహితురాలి శుభలేఖ చూసి ముచ్చటపడి, మన కార్డులో కూడా ఇద్దరి పేర్ల కిందా అర్థాలు వేయిద్దాం బావా అంది. ఆమె పేరుతో పేచీ లేదు. షారోను అంటే పూలు పూసే మైదానం. మరి మెఫీబోషెతు అంటే? బడిలో పిల్లలందరికీ అర్థాలు చెప్పే మాస్టారికి సొంత పేరుకు అర్థం తెలియదు. సౌలు రాజు మనవడు, రెండు కాళ్లూ కుంటి, దావీదు రాజు బల్ల దగ్గర భోంచేసినవాడు, సండే స్కూల్లో విన్నది అంతవరకే. తనకు కుడికాలు ఈడుస్తుంది కనక పాత అయ్యగారు ఆ పేరు పెట్టి ఉంటారని అందరూ అంటే తనూ అదే అనుకున్నాడు. తీరా అడిగితే, హెబ్రీ చదువుకున్న ఎలీషా అయ్యగారు కాసేపు నీళ్లు నమిలి చెప్పిన అర్థం 'నోటినుంచి వెలువడే సిగ్గు'.

అది చాలదన్నట్టు బాప్తిస్మాల రిజిస్టరు కూడా తీశారు. పేరు ఎదురుగా, ఎవరు పెట్టారో రాసే గడిలో, పాత అయ్యగారి గుండ్రటి దస్తూరీతో ఒకే ముక్క ఉంది. 'మేనత్త అంకమ్మ కోరిక మీద.'

ఈ గొడవేదీ అంకమ్మకు తెలియదు. శుక్రవారం మధ్యాహ్నం ఆమె కల్లంలో పట్టా మీద కాళ్లు చాపుకుని మిరపకాయలకు తొడిమలు తుంచుతోంది. మిగతా ఆడవాళ్లు అన్నాలకు వెళ్లారు, ఈమె వెళ్లలేదు. అరవై దాటిన మనిషి కాసేపు నడుం వాల్చవచ్చుగా అంటే వినదు. పదిమందిలో కూర్చుంటే ఎవరు ఎప్పుడు పాత ఊరి సంగతి ఎత్తుతారోనని ఆమెకు బెరుకు. కాలనీ అంతా ఆ ఊరినుంచి వచ్చినవాళ్లే మరి. ఇరవై ఏడేళ్ల కింద, పత్తి తీత కూలి పెంచేదాకా పనికి రామన్న పాపానికి, ఆ ఊరి రైతులు ట్రాక్టర్లెక్కి వచ్చి పేట పేటంతా తగలబెట్టారు. గుడి కాలింది, గుడిలో అంతకుముందున్న బాప్తిస్మాల రిజిస్టరు కాలింది, ఏడుగురు మగవాళ్లు పోయారు. అందులో ఒకడు మెఫీ తండ్రి ఇమ్మానియేలు, అంకమ్మకు సొంత అన్న. మిగిలినవాళ్లను లారీల్లో తెచ్చి పొదిలి రోడ్డు పక్కన ఈ స్థలాల్లో దింపారు.

మెఫీ నడకను అంకమ్మ చూడక్కర్లేదు, వింటే చాలు. కర్ర టక్కుమంటుంది, కాలు బరబరమంటుంది. ఆ చప్పుడు బడి వేళప్పుడు వినపడేసరికి ఆమె తలెత్తింది. వాడు గట్టు మీదుగా చుట్టుతిరిగి రాలేదు. ఆరబోసిన కాయల మీదుగా అడ్డంగా తొక్కుకుంటూ వచ్చేస్తున్నాడు. ఒక్క కాయ కిందపడినా వంగి తీసేవాడు ఇట్లా వస్తున్నాడేమిటని ఆమె కంగారుపడింది.

"ఏరా, బడి లేదా?"

"సెలవు పెట్టాను."

"ఒంట్లో బాలేదా? మొహమేంటి అట్లా ఉంది? నీడలో కూచో ముందు."

వాడు కూర్చోలేదు. "అత్తా, నాకు పేరు పెట్టిందెవరు?"

తొడిమ తుంచబోయిన వేళ్లు ఆగిపోయాయి. ఈ ప్రశ్న ఏదో ఒక రోజు వస్తుందని ఆమెకు తెలుసు. వస్తే చెప్పాల్సిన అబద్ధం కూడా ఎన్నడో సిద్ధం చేసి పెట్టుకుంది. ఇన్నేళ్లుగా అది నలగకుండా, మాసిపోకుండా నోట్లోనే ఉంది.

"ఇంకెవరు, పాత అయ్యగారే. మహానుభావుడు, ఆయన ఉంటే నీ పెళ్లి చూసి..."

మెఫీ ఫోను ఆమె మొహం ముందు పెట్టాడు. అంకమ్మకు చదువు రాదు. చదువు రానందుకు ఆమె జీవితంలో మొదటిసారి సంతోషించింది. "ఏవుందిరా ఇందులో? నాకు కళ్లు కనపడి చస్తాయా?" అంది.

"నీ పేరుంది. మేనత్త అంకమ్మ కోరిక మీద అని రాసుంది. అయ్యగారు పెట్టలేదు. నువ్వు అడిగి పెట్టించావు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. మిరప చేతులతో తుడుచుకోకూడదన్న సంగతి ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్న మనిషి మర్చిపోయింది. కళ్లు భగ్గుమన్నాయి. ఒక విధంగా మంచిదే అయింది, ఏడుపు ఏది, ఘాటు ఏది అని ఎవరూ అడగరు.

"ఆ పేరుకి అర్థం తెలుసా నీకు?" అన్నాడు మెఫీ.

"తెలియదు."

"సిగ్గు అత్తా. నోట్లోంచి వచ్చే సిగ్గు. అయ్యగారు పాపం నా బాధ చూడలేక, సిగ్గును పారదోలేవాడు అని కూడా కొందరు చెప్తారు మాస్టారూ అన్నారు. ఎట్లా చెప్పినా అందులో సిగ్గు మాత్రం ఉంది. శుభలేఖలో షారోన్ పేరు కింద పూల మైదానం, నా పేరు కింద ఇది."

రోజుకు ఎన్నిసార్లు పిలిచి ఉంటుంది అంకమ్మ ఆ పేరుతో? పొద్దున్నే కాఫీకి, బడికి ఆలస్యమవుతోందని, చీకటి పడింది ఇంకా రాలేదేమని వీధి చివర నిలబడి. ఆ పిలుపులన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చి ఆమె మీద పడ్డాయి.

"ప్రభువు సాక్షిగా నాకు తెలియదురా," అంది. "అర్థం ఎవరూ చెప్పలేదు. నాకు కథే తెలుసు."

"ఏ కథ?"

ఇక్కడే ఆగిపోయి ఉండాల్సింది. కానీ మాట బయటపడింది, మెఫీ కర్ర కిందపెట్టి ఎదురుగా కూలబడ్డాడు. వాడు అట్లా కూర్చున్నాడంటే తేల్చుకునేదాకా లేవడు. ఆ మొండితనం అన్న ఇమ్మానియేలుదే.

"అప్పుడు మనమింకా గుడారాల్లోనే ఉన్నాం," అంది అంకమ్మ. "నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చావు, తుంటి అతకలేదు. లిడియమ్మ గారని బైబిలు ఉమన్ వచ్చేది. ఆడవాళ్లను కూర్చోబెట్టి కథలు చెప్పేది. ఓ రోజు ఈ కథ చెప్పింది. యుద్ధంలో రాజూ, రాజు కొడుకూ చచ్చిపోయారని కబురొచ్చిందట. ఇంట్లో ఐదేళ్ల పిల్లాడు. దాది వాణ్ని ఎత్తుకుని పరిగెత్తిందట. ఆ తొందర్లో పిల్లాడు పడిపోయి రెండు కాళ్లూ పోయాయట. ఐదేళ్లే రా. నీకూ ఐదేళ్లే."

"అందుకని?"

"అందరూ పిల్లాడి గురించి అడుగుతున్నారు. నేను దాది పేరేంటని అడిగాను. లిడియమ్మ గారు పుస్తకం ముందుకీ వెనక్కీ తిరగేసి, ఆమె పేరు రాయలేదమ్మా అంది. పేరుంటే అదే పెట్టుకుందును నేను. బాప్తిస్మం మళ్లీ తీసుకునైనా సరే పెట్టుకుందును. లేదు. అందుకని ఆ పిల్లాడి పేరడిగాను. మర్నాడు అయ్యగారి కాళ్లు పట్టుకుని, మావాడికి ఇదే పెట్టండి అన్నాను. ఆయన వద్దన్నారు. చాలాసేపు వద్దన్నారు. ఎందుకో చెప్పలేదు."

మెఫీ మొహంలో బిగువు కాస్త సడలింది. వాడిది ఎక్కువసేపు కోపం నిలవని గుండె. చెయ్యి చాచి ఆమె మోకాలి మీద వేశాడు.

"అంటే ఆ రోజు నన్నెత్తుకుని పరిగెడుతుంటే చేతుల్లోంచి జారిపోయాను. అంతేనా? దానికా ఇన్నేళ్లు ఇట్లా కుమిలిపోయావు? పిచ్చి అత్తా, ఎవరి చేతుల్లోంచైనా జారిపోతారు. ఆ దాదిని ఎవరైనా ఒక్క మాట అన్నారా?"

అదిగో, తలుపు బార్లా తెరుచుకుంది. అవును నాయనా, జారిపోయావు, అంటే చాలు. వాడు కళ్లు తుడిచి ఇంటికి తీసుకుపోతాడు, ఆదివారం ప్రకటన అవుతుంది, పెళ్లవుతుంది, కన్నకూతురూ పెంచిన కొడుకూ జీవితాంతం ఆమె ఇంట్లోనే ఉంటారు. ఈ లోకంలో ఆమెకున్నది ఆ ఇద్దరే. ఒక్క 'అవును'తో ఇద్దరూ దక్కుతారు. నోరు విప్పితే ఇద్దరూ పోవచ్చు. నిజం తెలిశాక ఆ ఇంట్లో ఏ ముద్ద ఎవరికి దిగుతుంది?

అవును అనడానికే ఆమె నోరు తెరిచింది. కానీ ఇప్పుడే కదా తెలిసింది, ఇన్నేళ్లుగా తాను వీణ్ని ఏమని పిలుస్తోందో. ఆ పేరు మీద ఇంకో అబద్ధం మోపడానికి మనసు ఒప్పలేదు.

"జారిపోలేదురా," అంది అంకమ్మ. "దించాను."

మెఫీ చెయ్యి మోకాలి మీదే ఉంది. తీయలేదు, నొక్కలేదు.

"ఈ చంకన నువ్వు, ఆ చంకన షారోన్. దానికి ఏడాది. పత్తి చేలో పరుగు సాగలేదు. కొమ్మలు కాళ్లకు తగులుకుంటున్నాయి, వెనక కేకలు దగ్గరికొస్తున్నాయి. రెండుసార్లు పడ్డాను. కాలవ తూము దగ్గరికొచ్చాక ఇద్దర్నీ మొయ్యలేనని తెలిసిపోయింది. నిలబడ్డాను. దాని వంక చూశాను, నీ వంక చూశాను. చూసి, ఆలోచించి, నిన్ను దించాను. దాన్నెత్తుకుని పోయాను. నేను కన్నదాన్ని ఎత్తుకుని పోయానురా! సాయంత్రం వచ్చేసరికి నువ్వు తూము గుంటలో ఉన్నావు. ఆ దాదికీ నాకూ అదే తేడా. ఆమె చేతుల్లోంచి పిల్లాడు పడ్డాడు. నేను..."

వాడు లేచి వెళ్లిపోతాడని ఎదురుచూసింది. కర్ర కోసం చెయ్యి వెళ్తుందేమోనని అటే చూస్తోంది.

"నాకు తెలుసు," అన్నాడు మెఫీ.

"ఏం తెలుసు?"

"దించిన సంగతి. ఐదేళ్లవాడికి గుర్తుండదనుకున్నావా? గట్టు మీద కూచోబెట్టావు. కళ్లు మూసుకుని వంద దాకా లెక్కపెట్టు, పూర్తయ్యేలోపు వచ్చేస్తా అన్నావు. నాకప్పటికి ఇరవై దాకానే వచ్చు అత్తా. ఇరవై అయ్యాక ఏమొస్తుందో తెలియలేదు. నువ్వు రాలేదు. నేను లెక్క తప్పు చెప్పానేమో, అందుకే రాలేదేమో అనుకుని లేచి వెతుక్కుంటూ నడిచాను. కళ్లు తెరవలేదు, తెరిస్తే తిడతావని."

ముందు తట్టిన మాట చెప్పిందే గానీ, వీడికి వంద వచ్చా రాదా అని అంకమ్మ ఆ రోజు ఆలోచించలేదు. ఆ తర్వాత కూడా ఎన్నడూ ఆలోచించలేదు. కదలకుండా కూచోమంటే ఎందుకు కదిలాడని మనసులో ఎప్పుడన్నా వాడి మీదే విసుక్కుంది కూడా. ఆ విసుగు ఇప్పుడు ఆమెను కోసేసింది.

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదేరా?"

"అనడానికేముంది? చంటిపిల్ల నడవలేదు, నేను నడవగలను. మా నాన్న పక్కనుంటే అదే చెయ్యమనేవాడు. దాన్ని వదిలేసి నన్ను ఎత్తుకుని ఉంటే ఈ రోజు నేను ఎవర్ని పెళ్లి చేసుకునేవాణ్ని?" కొంచెం నవ్వాడు కూడా. నవ్వు వెంటనే ఆగిపోయింది. "షారోన్‌కి మాత్రం ఈ సంగతి తెలియకూడదు. అది తట్టుకోలేదు. నేను చెప్పను. నువ్వూ చెప్పకు."

అంకమ్మ వాడి చెయ్యి పట్టుకోబోయింది. ఈసారి వాడు వెనక్కి తీసుకున్నాడు.

"దించావు. అది ప్రాణం కోసం. దాన్ని నేనెప్పుడో వదిలేశాను. కానీ పేరు? అది ప్రాణం కోసం కాదుగా! కాళ్లున్న పిల్లలందరి మధ్యా ఆ పేరుతో బడికెళ్లాను. కుంటి మెఫీ అన్నారు, బోసిగాడు అన్నారు. దేవుడి గ్రంథంలోని పేరు కదా, ఓర్చుకోవాలి అనుకున్నాను. ఎందుకు పెట్టావు?"

"నిన్ను పిలిచినప్పుడల్లా నేను చేసింది నాకు గుర్తుండాలని."

"నీకు గుర్తుండటానికా నన్ను పిలిచావు?"

తాను మోయాల్సింది తీసుకెళ్లి పసివాడి నెత్తిన పెట్టింది. దించినప్పుడు వాణ్ని ఒక్కసారే దించింది, ఈ పేరును మాత్రం రోజూ ఎత్తి పెడుతూనే ఉంది. అది తప్పని ఇరవై ఏడేళ్లలో ఒక్కనాడూ తోచలేదు. పైగా ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నానని తృప్తిపడింది. సిగ్గంటే ఏమిటో అంకమ్మకు ఆ క్షణంలో తెలిసింది.

"ఆ సిగ్గు నాదిరా. నీది కాదు," అంది.

"నాది కాదని నాకూ ఇవాళే తెలిసింది. అయ్యగారు ఇంకో సంగతి చెప్పారు. గ్రంథంలోనే వంశావళి దగ్గర ఆ మనిషికి ఇంకో పేరుంది. మెరీబ్బయలు. అదే మొదటి పేరట. బయలు అంటే ఒకప్పుడు యజమాని, ప్రభువు అని మామూలు మాటేనట. తర్వాత్తర్వాత విగ్రహం పేరైపోయింది. అందుకని తర్వాత రాసినవాళ్లు దాన్ని పలకడం ఇష్టంలేక, ఆ ముక్క తీసేసి ఆ చోట సిగ్గు అని రాశారని పండితులు అంటారట. అంటే అత్తా, అతని తండ్రి అతనికి సిగ్గు అని పేరు పెట్టలేదు. మా నాన్న కూడా నాకు పెట్టి ఉండడు."

అంకమ్మకు ఇప్పటిదాకా ఉన్న భయం వేరు, ఇది వేరు.

"ఐదేళ్లు నేను పేరు లేకుండా లేనుగా," అన్నాడు మెఫీ. "అందరూ చిన్నోడా అనడం గుర్తుంది. మా నాన్న ఇంకేదో అనేవాడు. ఎంత తవ్వుకున్నా అది గుర్తు రావట్లేదు. ఆ పేరేంటి?"

"ఇప్పుడెందుకురా అది? నీ ఉద్యోగం కాగితాలన్నీ..."

"కాగితాల సంగతి తర్వాత చూసుకుంటాను. అయ్యగారికి చెప్పేసి వచ్చాను. ఆదివారం మూడో ప్రకటన మా నాన్న పెట్టిన పేరుతోనే చదవాలి. రెండు గంటలకి ఫోను చేస్తానన్నారు, రాసుకోవడానికి. ఏ పేరైనా సరే అని మాటిచ్చాను."

"మాటిచ్చావా? నన్నడక్కుండా మాటిచ్చావా?" అంకమ్మ మోకాళ్ల మీద లేచింది. "వద్దు. ఆ పేరు వద్దు. కావాలంటే వేరే పేరు పెట్టుకో, బైబిలు నిండా పేర్లున్నాయి. అది మాత్రం వద్దు."

"ఎందుకు?"

"పెద్దాళ్లందరూ గుడారాల్లో కూచుని ఆ పేరు తీసేశారురా. మన పేటలో ఎవరూ మళ్లీ పలకకూడదని ఒట్టు పెట్టుకున్నారు. ఇరవై ఏడేళ్లయింది, ఒక్కళ్లూ ఒట్టు తప్పలేదు. మొగుళ్లను పోగొట్టుకున్న ఆడవాళ్లలో ఐదుగురు ఇంకా బతికే ఉన్నారు. ముందు బెంచీలోనే కూచుంటారు. గుడిలో ఆ పేరు వినపడితే వాళ్లు ఏమైపోతారో నీకు తెలియదు."

"నా పేరులో అంత పాపమేముంది అత్తా?"

రోడ్డు మీద అన్నాలకెళ్లిన ఆడవాళ్ల మాటలు వినపడుతున్నాయి. ఇంకాసేపట్లో వచ్చేస్తారు. వాళ్ల ముందు వీడు ఇదే ప్రశ్న అడుగుతాడు, అడక్క మానడు. అంకమ్మ అటూ ఇటూ చూసి వాడి చెవి దగ్గరికి వంగింది.

"వీరబాబు."

"వీరబాబు ఎవరు?"

"మీ నాన్న సావాసగాడు. రైతుల బిడ్డ. అయినా మన పేటకొచ్చి మన కంచంలో తినేవాడు. కాలవలో కొట్టుకుపోతుంటే మీ నాన్నను జుట్టు పట్టుకుని లాగింది వాడే. నువ్వు పుట్టాక, మనవాళ్లంతా బైబిలు పేరు పెట్టమన్నా మా అన్న వినలేదు. నా ప్రాణం నిలబెట్టినవాడి పేరే నా కొడుక్కి అన్నాడు. నిన్ను ఆ పేరుతో పిలిచేవాడు మీ నాన్న ఒక్కడే." ఆమె రోడ్డు వైపు ఓసారి చూసి మళ్లీ వంగింది. "ఆ రోజు మొదటి ట్రాక్టరు మీద ముందు కూచుని, ఇమ్మానియేలు ఇల్లు ఇదేనని చెయ్యి చూపించింది వీరబాబేరా."

మెఫీ కింద పెట్టిన కర్రను దగ్గరికి లాక్కున్నాడు.

"ఇంకోటుంది. ఇది నేను అయ్యగారికి కూడా చెప్పలేదు. మిమ్మల్నిద్దర్నీ ఎత్తుకుని చేలో దిగాక వెనక నుంచి మీ నాన్న గొంతు వినపడింది. వీరబాబూ, వీరబాబూ అని రెండుసార్లు పిలిచాడు. ఆ తర్వాత ఆ గొంతు వినపడలేదు. కొడుకుని పిలిచాడా, వాణ్ని పిలిచాడా? ఎన్ని వేలసార్లు తల్చుకున్నానో, నాకు ఈ రోజుకీ తెలియదు నాయనా."

వాడి చేతిలో ఫోను మోగింది. వేలు ఎక్కడ తగిలిందో ఏమో, ఎలీషా అయ్యగారి గొంతు కల్లమంతా వినపడేట్టు పలికింది.

"వందనాలు మాస్టారూ! ప్రకటన కాగితం ముందు పెట్టుకునే కూచున్నాను. చెప్పండి, ఏ పేరు రాసుకోమంటారు?"